దీపం కింది చీకటి

పోయిన వేసవిలో గోదావరిఖని వెళ్ళినప్పుడు బాపు నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, పక్కింటిపై లేచిన సెల్ టవరును చూపించాడు.

"పిల్ల గీ గదిలనే పండుకుంటది. దాన్నుంచి ఎంత వస్తదో ఎవలన్న కొలిచిండ్రా?"

ఆ ప్రశ్న ఆయన వృత్తిలోంచి వచ్చింది. సింగరేణి గనుల్లో ఏళ్ళ తరబడి మైనింగ్ సర్దారుగా పనిచేసినవాడు. దీపం వత్తి తగ్గించి, మంటపై లేచే నీలి పొరను బట్టి కంటికి కనబడని మీథేనును పసిగట్టడం ఆయన నిత్యకృత్యం. గాలిలో అది 1.25 శాతానికి చేరితే మనుషులను బయటికి పంపవలసిందే. (మేడ పిట్టగోడపై వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము ఉంది. దాన్ని గురించి మాత్రం ఆయన అడగలేదు.)

ఆ రాత్రి టెలికాం శాఖ 2017లో తెరిచిన తరంగ్ సంచార్ పటం చూపించాను. ఊరినిండా చుక్కలు. బాపు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఇది టవర్లు యాడున్నయో చెప్తది. గ్యాసు ఎంతున్నదో చెప్పది గద!"

నిజమే. టవర్ల పటం వేరు, మన మీద పడే తరంగాల పటం వేరు. యాంటెన్నా తన శక్తిని ఎక్కువగా ఎదురుగా, కాస్త కిందికి వంచి పంపుతుంది. సరిగ్గా దాని కింద ఉన్న ఇంటికంటే, దాని ఎదురుగా అదే ఎత్తున ఉన్న కిటికీకే ఎక్కువ తగలవచ్చు. అడ్డులేని చోట దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగోవంతవుతుంది. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశం అంతర్జాతీయ పరిమితిని పదోవంతుకు తగ్గించి, 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లుగా పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో ఈ తరంగాలను "క్యాన్సరు కారకం కావచ్చు" అన్న జాబితాలో చేర్చింది. ఆధారాలు పరిమితమనీ చెప్పింది. అసలు సిగ్నలు అందని లోపలి గదిలో, గట్టిగా అరుస్తూ, చెవికి ఆనించుకుని గంటసేపు మాట్లాడే బాపుకు టవరుకంటే ఆ ఫోనే దగ్గరి విషయం. సిగ్నలు తగ్గేకొద్దీ అది తన శక్తిని పెంచుకుంటుంది.

ఇదంతా చెప్పి, 4,000 రూపాయల రుసుము కడితే అధికారులే వచ్చి కొలిచే ఏర్పాటును కూడా ఆ పటంతోపాటే పెట్టారన్నాను. "దండుగ బాపూ, పరిమితికి చాలా తక్కువే వస్తుంది."

"తక్కువొస్తే తక్కువనే రాసుకుందాం. గ్యాసు లేనినాడు గూడ నేను పుస్తకంల రాసిన."

లేచి వెళ్ళి పాత డైరీ తెచ్చాడు. ఒక పేజీ తెరిచి, పిల్ల గది అని రాసి, పక్కన అంకెకు చోటు వదిలాడు.