నేను విప్పిన తప్పు స్క్రూ

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి.

మాది చర్ల వైపు గోదావరి ఒడ్డున చిన్న కోయగూడెం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు మా ఊరికి దారి లేదు, పడవ లేదు. ఆ తర్వాతే ఊళ్ళో అందరూ చందాలేసుకుని ఒక నాటు పడవకి పాత ఔట్‌బోర్డు మోటారు కొన్నారు. నేను ఓయూలో ఇంజినీరింగ్ చదువుతున్నా కదా, దాని సర్వీసింగ్ నాకే అప్పజెప్పారు.

పోయిన మే సెలవుల్లో గేర్ ఆయిల్ మార్చడానికి కూర్చున్నా. ఫ్యాను పక్కన ఉండే గేరు డబ్బాకి ఆయిల్ స్క్రూలు రెండుంటాయి, కింద ఒకటి, పైన ఒకటి. కింది స్క్రూ దగ్గర్లోనే ఇంకో స్క్రూ కనిపించింది. ఆయిల్ స్క్రూ తల మీద ఒకటే గాడి, దీని మీద ప్లస్ గుర్తు. తేడా చూశాను కానీ ఆగలేదు, విప్పేశా. కొంచెం ఆయిల్ కారింది కాబట్టి ఇదే అనుకున్నా. తర్వాత అసలుది కూడా విప్పి, కొత్త ఆయిల్ పోసి అన్నీ బిగించా. మోటారు స్టార్ట్ అయింది. గేరు వేస్తే మాత్రం ఫ్యాను కదలదు.

ఊరంతా ఒడ్డునే నిలబడి చూస్తున్నారు. నా నోట్లోంచి వచ్చిన మాట, "లోపల గేరు అరిగిపోయింది, పాత మోటారు కదా."

అబద్ధం. ఆ రాత్రే పెద్దయ్య మీటింగ్ పెట్టాడు. తునికాకు డబ్బులు అప్పుడప్పుడే చేతికొస్తున్న రోజులు. ఇంకో మోటారు కోసం ఇంటికింత అని తీయడం మొదలైంది. మా అమ్మ కూడా ఇచ్చింది. ఎండలో ఆకు కోసి కట్టలు కట్టిన డబ్బు అది. నాకు అన్నం దిగలేదు.

"హైదరాబాద్‌లో చూపిస్తా" అని చెప్పి, గేరు డబ్బా మోటారు నుంచి విప్పి యూరియా సంచిలో కట్టుకుని బస్సెక్కా. ఎంజీబీఎస్ నుంచి ఆటోలో తార్నాక. అక్కడ మా హాస్టల్ పిల్లల బండ్లు బాగుచేసే ఒక అన్న ఉన్నాడు. పడవ మోటారు ఆయన ఎన్నడూ చూడలేదు. అటూఇటూ తిప్పి చూసి, "బండిదైనా పడవదైనా పళ్ళు పళ్ళే కదరా. ముందు నువ్వేం విప్పినవో నిజం చెప్పు" అన్నాడు. ఆయనకి చెప్పేశా.

విప్పి చూస్తే గేర్లకి ఏమీ కాలేదు. పై నుంచి వచ్చే నిలువు షాఫ్టు చివర ఒక చిన్న గేరు ముందుకీ వెనక్కీ పనిచేసే రెండు గేర్లనూ ఎప్పుడూ తిప్పుతూనే ఉంటది. వాటి మధ్య జరిగే ముక్క ఏ గేరును పట్టుకుంటే ఫ్యాను అటు తిరుగుతది. ఆ ముక్కను జరిపేది ఉయ్యాల లాంటి చిన్న మీట. ఆ మీటకి ఇరుసే నేను విప్పిన స్క్రూ! అది ఊడగానే మీట పక్కకి పడిపోయింది.

మీటను చోట్లో పెట్టి స్క్రూ బిగించడానికి గంట పట్టింది. విప్పిన చోటల్లా కొత్త సీళ్ళు, ఓ-రింగులు రాణిగంజ్‌లో తెచ్చా. రాత్రి హాస్టల్లో బకెట్ నీళ్ళలో ముంచి, పై రంధ్రం నుంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టి చూశా. బుడగ రాలేదు. ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించా. పై రంధ్రంలోంచి గాలి పోయి ఆయిల్ వచ్చాక ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించా. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటది.

అంతా కలిపి 1,400 అయింది. అప్పటికి ఊళ్ళో 11,000 పోగయ్యాయి.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని పెద్దయ్యకి ఫోన్ చేశా. "గేరు అరగలేదు పెద్దయ్యా, నేనే చెడగొట్టినా. భయమేసి అబద్ధమాడినా." చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బాగైందా?" అన్నాడు. "అయింది." "అయితే నువ్వే పట్టుకురా. వచ్చి ఆ మాట అందరి ముందు చెప్పు. డబ్బులు కూడా నీ చేత్తోనే తిరిగియ్యి."

ఇంటింటికీ తిరిగి ఇచ్చా. ఒక అవ్వ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. అది చూసినప్పుడు పడ్డ సిగ్గు ఇంకా పోలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఊళ్ళో మనల్ని 'చదువుకున్నోళ్ళు' అని నమ్ముతారు. తెలియని స్క్రూ కనిపిస్తే ఆగి అడగండి. విప్పేసి ఉంటే ఆ రోజే చెప్పండి.

జై ఆదివాసీ.