కిటికీలో రాయి: అనంత నుంచి ఇల్లందుకు ఉత్తరాలు

రామగిరి, మంగళవారం

నాయినా,

నువ్వు బొగ్గు బాయిలోంచి తెచ్చి కిటికీలో పెట్టిన పచ్చ మెరుపు రాయి గుర్తుందా? బంగారమనుకొని దాన్ని సంచిలో వేసుకొని బడికి పోయేదాన్ని. ఈ రోజు నిజంగా బంగారం తవ్విన చోట నిలబడి దాన్నే తలుచుకున్నాను.

ధర్మవరం నుంచి బస్సులో వచ్చాను. దారి పొడవునా ఎర్రమట్టి, గుండ్రాళ్ళు, పీకేసిన బుడ్డల చేలు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. కింద పాత తవ్వకాల దగ్గర తెల్లటి పలుగురాళ్ళు కుప్పలుగా పడి ఉన్నాయి. తెల్లదొరల కాలంలో కంపెనీలు తవ్వాయి, తరువాత భారత్ గోల్డ్ మైన్స్ తవ్వింది. అదే సంస్థ నడిపిన కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. ఇక్కడా పని లేదు.

ఒక పలుగురాయి పగలగొడితే నీ రాయి మెరుపే కనిపించింది. పైరైట్: ఇనుము, గంధకం కలిసినది. ఇక్కడ నేల లోతుల్లోంచి పొంగిన వేడినీళ్ళు దాన్ని పగుళ్ళలో నింపాయి. మన బొగ్గులోకి మాత్రం బురదలోంచి వచ్చింది. బొగ్గు పుట్టిన కాలపు చిత్తడి అడవిలో గాలి ఆడని అడుగున సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేటును విరిస్తే, ఆ గంధకం ఇనుముతో జతకట్టింది. సముద్రపు నీళ్ళు తగిలిన చోట గంధకం ఎక్కువ. అస్సాం బొగ్గులో అది 2 శాతం దాటుతుంది. గోదావరి లోయ చిత్తడి మంచినీటిది గనుక మన దాంట్లో సాధారణంగా ఒక శాతం లోపే.

వానాకాలంలో నీ రాయి తెల్లపొడి రాల్చేది. ఉప్పు పట్టిందనేది అమ్మ. ఒక రకంగా అమ్మ మాటే నిజం. తేమ, గాలి తగిలితే పైరైట్ ఇనుప ఉప్పుగా, గంధకామ్లంగా మారుతుంది. కిటికీ చెక్క మీద నల్లమచ్చ పడింది అందుకే. బాయిలో బొగ్గు తనంతట తాను వేడెక్కడానికి కూడా ఇదొక కారణం.

కదిరి వైపు ఒక ఊరు, గురువారం

నాయినా,

ఇక్కడ ఒక అవ్వ ఇంట్లో భోజనం చేశాను. రాగిసంగటి, చెనక్కాయల చట్నీ. "యాడ్నుంచి వచ్చినావు మా?" అని అడిగింది. బొగ్గు ఊరి నుంచి అన్నాను. ఆమె పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. మోకాళ్ళు వంగవు. బోరు నీళ్ళు తాగి ఇట్లయిందంది. కింది నల్లరాతిలోని ఫ్లోరిన్ నీటిలో కరుగుతుంది. వాన లేక బోర్లు లోతుకు పోయేకొద్దీ నీరు ఆ రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అంత చిన్న కొలత ఒక మనిషి నడకను తీసుకుపోయింది. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్ళకు నీళ్ళు తెచ్చింది. అంతకు ముందే పెరిగిన ఎముకల మీద ఈ చెరుపు అలాగే మిగిలింది.

ఇదే ఫ్లోరిన్ చైనాలోని గుయిజౌలో బొగ్గు దారిన మనుషుల్లోకి పోయింది. అక్కడ కుంపట్లకు పొగగొట్టాలు లేవు. చలి, ముసురు ఎక్కువ గనుక మక్కలు, మిరపకాయలు ఆ మంట మీదే ఆరబెట్టుకునేవాళ్ళు. అవ్వకున్న ఈ ఫ్లోరోసిస్ జబ్బు పాలైనవాళ్ళు అక్కడ కోటికి పైమాటే. కొన్ని పల్లెల్లో ఆ బొగ్గులో ఆర్సెనిక్ విపరీతంగా ఉండి, ఎండుమిరపకాయల్లోకి చేరి, వేలమంది చర్మం పాడైంది. బొగ్గులో ఆర్సెనిక్ ప్రపంచ సగటున టన్నుకు 8, 9 గ్రాములే, పాదరసం గ్రాములో పదో వంతు. ఎంత ఉంది అని మాత్రమే అడిగి వదిలేస్తే సరిపోదనిపిస్తోంది నాయినా. ఏ ఖనిజంలో కూర్చుంది, ఏ దారిన ఒంట్లోకి వస్తోంది అని కూడా అడగాలి.

ముద్దనూరు, శనివారం

నాయినా,

జిల్లా దాటి కడపలోకి వచ్చాను. మన సింగరేణి బొగ్గు కాలే రాయలసీమ థర్మల్ కేంద్రం ఇక్కడికి దగ్గరే. పొగగొట్టాలను దూరం నుంచే చూశాను.

ఆర్సెనిక్, పాదరసం ఎక్కువగా పైరైట్‌లోనే దాక్కుంటాయి. బొగ్గు కాలితే పాదరసం చాలావరకు ఆవిరై పొగతో పోతుంది. ఆర్సెనిక్, సెలీనియం పొగ చల్లారేటప్పుడు బూడిద రేణువులకు అంటుకుంటాయి. రేణువు ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ పడుతుంది. ఊపిరిలో లోతుకు పోయేదీ ఆ సన్నదే. పైరైట్ బొగ్గు కంటే మూడింతలకు పైగా బరువు. కడిగితే పెద్ద ముక్కలు అడుగుకు దిగుతాయి. బొగ్గు లోపలే కలిసిపోయిన సన్న గింజలు మాత్రం వదలవు. వాటిని పొగలోనే పట్టుకోవాలి, బూడిదను తడిపి కప్పి ఉంచాలి. ఖర్చయినా చేసి తీరాల్సిన పని.

అమ్మ చలికాలంలో బొగ్గు కుంపటి గదిలోకి తెస్తుంది కదా, ఈసారి వాకిట్లోనే ఉంచమను. మిరపకాయలు డాబా మీద ఎండకే పెట్టమను.

రామగిరి పలుగురాయి ముక్క ఒకటి తెస్తున్నా. నీ రాయి ఇంకా మిగిలుంటే రెండింటినీ మూత గట్టిగా పట్టే సీసాలో వేసి పెడదాం. కిటికీలో వద్దు.

నీ బిడ్డ