దీపం దగ్గరి అక్షింతల పురుగు

నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాల నీటితో నాటిన వరి పూతకు వచ్చే రోజులలో, దీపకాంతి వెంట ఇంట్లోకి వచ్చి గోడపై వాలే, శనగగింజకన్నా చిన్నదైన ఎర్రని గుండ్రటి జీవిని తెలుగు రైతులు అక్షింతల పురుగు అంటారు. శుభవేళ తలపై చల్లే బియ్యపు పేరును ఒక పురుగుకు ఇచ్చిన ఆ నోటిలో ఎంత ఆదరం ఉండి ఉండాలి!

చీపురు తగిలితే అది కాళ్లు ముడుచుకొని చచ్చినట్టు పడి ఉంటుంది. వేళ్లతో నొక్కి పట్టుకుంటే కాళ్ల కీళ్లనుంచి పసుపుపచ్చని చేదు చుక్క ఒకటి ఊరుతుంది. సున్నపు గోడపై మరకగా మిగిలే ఆ చుక్క మలినం కాదు, హీమోలింఫ్, అంటే కీటకపు రక్తమే. శత్రువు నోటికి చేదై బతకడానికి అది తన నెత్తురునే వెచ్చిస్తుంది. అందువల్ల దానిని పట్టుకోవడంకన్నా, ముందు ఒక వేపాకు ఉంచి, తనంతట తాను ఎక్కేదాకా ఆగడమే మేలు.

పేనుబంకను, అంటే లేత చిగుళ్ల రసం పీల్చే మెత్తని పురుగులను తిని, వరిచేలకూ గూడూరు నిమ్మతోటలకూ కాపు కాసే జాతి ఇది. 1888లో ఆస్ట్రేలియానుంచి కాలిఫోర్నియాకు పంపడం మొదలైన దీని బంధువులు, కొన్ని వందలే అయినా, పొలుసు పురుగుకు బలవుతున్న అక్కడి నారింజతోటలను నిలబెట్టాయి.

తెల్లవారి అరుగు మీద, ఆకు కొసకు చేరిన ఆ పురుగు ఎర్రని పైరెక్కలు రెండుగా విడిపోగా, వాటి కింద మడిచి ఉన్న పల్చని రెక్కలు మెల్లగా విచ్చుకుంటాయి. సముద్రపు ఉప్పుగాలిలో వరిపూత వాసన కలిసి వస్తూ ఉంటుంది.