వేగువాని యిరువదియైదు కథలు

ఒక గ్రంథమును నడుమ విప్పి నాలుగు పుటలు చదివినవాడు కవి చమత్కారమును గ్రహింపవచ్చును గాని, ఆ కవి యెచ్చట బయలుదేరి యెచ్చటికి చేరెనో యెరుగజాలడు. చలనచిత్రముల విషయమునను ఇంతియే. సెలవునకొకటి చొప్పున చూచినచో వినోదము మాత్రము దొరకును. పుట్టిన క్రమమున చూచినచో, వానిని తీసినవారి మనస్సును, మెచ్చినవారి మనస్సును కాలక్రమమున ఎట్లు మారినవో తెలియును. ఈ నమ్మకముతోనే మా యింట శనివారమునకొకటిగా జేమ్స్ బాండు చిత్రములు ఇరువదియైదింటిని, 1962 నాటి 'డాక్టర్ నో' మొదలు 2021 నాటి 'నో టైమ్ టు డై' వరకు, వరుస తప్పక చూచితిమి. 1967లోను 1983లోను ఇతర నిర్మాతలు తీసిన రెండింటిని లెక్కలోనికి తీసికొనలేదు. చూచినవారము నేనును, నా భార్యయు, కళాశాలలో చదువుచున్న మా అమ్మాయియు.

ఈ సంగతి విని నాతోటి యుపాధ్యాయుడొకరు నొచ్చుకొనిరి. "ఎదిగిన ఆడుపిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడదగిన కథలా యవి?" అని యడిగిరి. ఆయన శంక నిర్హేతుకము కాదు. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్'లో ఒక స్త్రీ వలదని త్రోయుచుండగా నాయకుడు ఆమెను బలిమిని లొంగదీయుటయు, ఆ బలిమియే వలపుగా మారినట్లు చూపుటయు కలదు. ఇట్టిదానిని దాచిపెట్టుట మేలా, చూపి విమర్శించుట మేలా అనునదే ప్రశ్న. రేపు ఆ పిల్ల యొంటరిగా చూడకపోదు. ఒంటరిగా చూచినప్పుడు అది కేవలము వినోదము. ఇంటివారి నడుమ చూచినప్పుడు అది చర్చ. కావున మేము చూచితిమి, ఆ రాత్రి చాలసేపు మాటాడుకొంటిమి.

సంస్కృతము చదివినవానికి ఈ కథలలో మొదట నవ్వు పుట్టించునది నాయకుని వృత్తిధర్మము. కౌటిల్యుడు కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు అని వేగులవారిని విభజించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క మారువేషమును విధించెను. ముద్రారాక్షసమున చాణక్యుని చారుడు యమపటము చేతబట్టి ఇల్లిల్లు తిరుగును. బాండు మాత్రము జూదశాలలో అడుగిడి, అడిగినవారికెల్ల ఇంటిపేరు మొదటను పూర్తిపేరు తరువాతను చెప్పి తన్ను తానే చాటుకొనును! 1953లో తొలి నవల వ్రాసిన ఇయాన్ ఫ్లెమింగు ఆ పేరును ఒక పక్షిశాస్త్రజ్ఞుని గ్రంథముమీదినుండి తీసికొనెను. సాదాపేరు కావలెనని యాయన కోరిక. ఆ సాదాపేరే లోకమంతట మారుమ్రోగెను. మన తెలుగున సైతము 1966లో 'గూఢచారి 116' వచ్చి, కృష్ణగారికి ఆంధ్రా జేమ్స్ బాండను ప్రసిద్ధి తెచ్చెను.

1983 నాటి 'ఆక్టోపస్సీ'లో కథ ఉదయపురమునకు వచ్చును. సరస్సు నడిమి భవనములు కన్నులపండువే. కాని నాయకుడు జూదమున గెలిచిన రూపాయలను తనకు తోడ్పడు భారతీయునికిచ్చుచు, కొన్ని వారములపాటు కూరకు సరిపోవునని పరిహసించును. అంతవరకు భవనములను మెచ్చుకొనుచున్న నా భార్య, "వీరికి మన దేశమున కనబడినవి ఏనుగులు, పాములు, కూర ఇంతేనా?" అనెను. అప్పటికి మనకు స్వాతంత్ర్యము వచ్చి ముప్పదియారేండ్లు. పాలన పోయినను పాలకుని చూపు పోవుటకు ఎంతకాలము పట్టునో ఆ యొక్క మాట చెప్పినది.

అయితే వరుసగా చూచుటవలన కలిగిన అసలు లాభము వేరు. కార్యాలయమున మనీపెన్నీ యను ఉద్యోగిని యొకతె కలదు. లోయిస్ మాక్స్‌వెల్ అను నటి 1962 మొదలు 1985 వరకు పదునాలుగు చిత్రములలో ఆ పాత్ర ధరించెను. మా అమ్మాయి యొకనాడు, "నాన్నగారూ, ఈలోపల నాయకుని వేషమున ముగ్గురు మారిరి. ఈమె బల్ల మాత్రము మారలేదు. ఈమెకు పదోన్నతి లేదా?" అని యడిగెను. ఒక చిత్రము మాత్రమే చూచినవారికి తోచని ప్రశ్న యిది. నాకును అంతకుముందు తోచలేదు.

1995లో 'గోల్డెన్ ఐ' వచ్చుసరికి సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమై నాలుగేండ్లు గడచెను. ఆ చిత్రమున శాఖాధిపతిగా జూడీ డెంచ్ కూర్చుండి, నీవు గతకాలపు జంతువువని నాయకుని మొగముమీదనే చెప్పును. మా అమ్మాయి చప్పట్లు చరచెను. కాని 2012 నాటి 'స్కైఫాల్'లో తుపాకి పట్టి ప్రవేశించిన క్రొత్త మనీపెన్నీ కడకు ఆ పాత బల్లయొద్దకే చేరుట చూచి చిన్నబుచ్చుకొనెను. 2021 నాటి కథలో 007 అను సంఖ్యయే ఒక నల్లజాతి యువతికి దక్కును. సంస్కారము తిన్నగా నడచు బాట కాదని ఈ వరుస తెలుపుచున్నది. మరియొక విశేషము: తెరమీద 1995లోనే స్త్రీ అధిపతి యయ్యెను గాని, 1909లో నెలకొన్న నిజమైన ఆ బ్రిటిష్ శాఖకు తొలి స్త్రీ అధిపతి వచ్చినది 2025లో. కల్పన ముప్పదియేండ్లు ముందు నడచినది.

చిత్రనిర్మాతలు ఋషులు కారు. జనులు సహించినంతకాలము ఒక దృశ్యమును చూపిరి, సహింపనినాడు విడిచిరి. కావున మార్పునకు మూలము తెరకు ఈవలనే యున్నది. ఇంటిలో ఒక పిల్ల "ఈమెకు పదోన్నతి లేదా?" అని యడుగగలిగినచో, ఆ యింట చలనచిత్రము చెరుపు చేయదు. పిల్లల కన్నులు మూయుటకంటె వారి ప్రశ్నకు చెవియొగ్గుట పెద్దలకు మేలు.