ఖారూన్ నుంచి మాండ్ పుట్టిన చోటికి

రాయ్‌పూర్ మహాదేవ్ ఘాట్ మెట్ల మీద నిలబడి ఖారూన్ నదిని చూసేవారికి మంచుకొండల పూలు తలపుకు రావు. కానీ ఈ నీటి దారి పట్టుకుని వెళితే ఆ పూల బంధువు ఒకటి కనిపిస్తుంది.

ఊరు దాటిన ఖారూన్ సోమనాథ్ దగ్గర శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్ మహానదిలో కలుస్తుంది. మహానది శివరీనారాయణ్ మీదుగా చంద్రపూర్ చేరేసరికి, చంద్రహాసిని అమ్మవారి గుడి దగ్గర, ఎడమ గట్టున మాండ్ నది వచ్చి చేరుతుంది. మహానది అక్కణ్ణుంచి హీరాకుడ్ వైపు పోతుంది. మనం మాత్రం మాండ్ వెంట ఎదురెక్కాలి. ధరమ్‌జయ్‌గఢ్ సాలవృక్షాల అడవులు, ఏనుగులు తిరిగే దారులు దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. పైన మైన్‌పాట్. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైబడిన పీఠభూమి. మాండ్ పుట్టింది ఇక్కడే.

1959 తర్వాత టిబెట్ వదిలి వచ్చిన శరణార్థులకు 1962–63లో ఇక్కడ చోటిచ్చారు. అప్పటికిది మధ్యప్రదేశ్. చలి ఉన్న నేల దొరికింది కనుక తమ కొండల పంటను వాళ్లు ఈ ఎర్రమట్టిలో వేశారు. ఇక్కడివాళ్లు దాన్ని టావూ అంటారు. రాయ్‌పూర్ బజారులో నవరాత్రి ఉపవాసాలకు అమ్మే కుట్టు పిండి దీని గింజలదే. గడ్డిజాతి ధాన్యం కాదు కనుకనే ఉపవాసంలో చెల్లుతుంది. ఇప్పుడు చుట్టుపక్కల రైతులూ వేస్తున్నారు.

వానలు వెనక్కి తగ్గాక చేలన్నీ తెల్లగా, అక్కడక్కడ గులాబి ఛాయతో విరబూస్తాయి. అరకులో వలిసె పూలు చూసినవారు ఆ పసుపు స్థానంలో తెలుపును ఊహించుకుంటే చాలు. ఈ పువ్వులో రెండు రకాలున్నాయి. కొన్ని మొక్కల్లో కీలం పొడుగు, కేసరాలు పొట్టి. మిగతావాటిలో అది తలకిందులు. ఒక రకం పుప్పొడి రెండో రకానికి చేరితేనే గింజ కడుతుంది. ఆ పని చేసేది ముఖ్యంగా తేనెటీగలే. అవి రాకపోతే చేనంతా పూసినా కంకి చాలావరకు ఖాళీయే.

పంట సుమారు మూడు నెలల్లోనే చేతికొస్తుంది. వేసవి కొద్దిరోజులే ఉండే కొండల్లో పుట్టిన మొక్కకు ఆ తొందర తప్పదు. దీని కుటుంబానికే చెందిన ఆల్పైన్ బిస్టార్ట్ హిమాలయాల ఎత్తుల్లోనూ, ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లోనూ పూస్తుంది. అక్కడ ఎండాకాలం మరీ చిన్నది. ఈగలూ తేనెటీగలూ వస్తాయన్న నమ్మకం లేదు. అందుకే పూలకాడ కింది భాగంలో పూలకు బదులు గడ్డల్లాంటి చిన్న చిన్న మొగ్గలు కడుతుంది. అవి రాలి మొలుస్తాయి. వాటిని మంచుకోళ్లు ఏరుకు తింటాయి. చిన్న వేసవిని వాడుకోవడంలో ఈ మొక్కలకున్న తెలివి నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

రాయ్‌పూర్‌లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. అక్టోబరు, నవంబరు నెలల్లో ఒకసారి మైన్‌పాట్ వెళ్లిరండి. ఫొటో కోసం చేలోకి దిగకండి, గట్టు మీదే నిలబడండి. ఆ మొక్క కాడ మెత్తన, తొక్కితే మళ్లీ లేవదు. తిరిగొచ్చేటప్పుడు పండించినవారి దగ్గరే ఒక కిలో పిండి కొనుక్కోండి.