రిగ్గైలో కటకటలాడిన చేతికర్ర

రిగ్గైలో ఉండేవాళ్ళకి శుక్రవారం సాయంత్రం ఎక్కడికెళ్ళాలో ఒకరు చెప్పక్కర్లేదు. పక్కనే అల్ రాయ్. అక్కడ 2007లో తెరిచిన అవెన్యూస్ మాల్ ఉంది, సూక్ అల్ జుమా అనే ఫ్రైడే మార్కెట్ ఉంది. మాల్‌కి చూడ్డానికి, మార్కెట్‌కి కొనడానికి అన్నట్టు మనవాళ్ళు రెండు చోట్లకీ వెళ్తారు. పాత సోఫాలు, తివాచీలు, కుట్టు మిషన్లు, ఎవరి ఇంట్లోంచో వచ్చిన గోడ గడియారాలు... బేరమాడే ఓపిక ఉండాలే గానీ ఏదైనా దొరుకుతుంది.

మా ఎదురింటి అక్కకి అక్కడే ఒక చేతికర్ర దొరికింది. వాళ్ళది రాజంపేట. ఊళ్ళో ఉన్న మామగారికి మోకాళ్ళ నొప్పులు, కార్గోలో పంపుదామని కొన్నది. నల్లటి కర్ర, ఇత్తడి పిడి, కింద పొన్ను. ఇంటికి తెచ్చి నాలుగడుగులు వేసి చూస్తే లోపల ఏదో కటకటమంటోంది. పిడి తిప్పితే ఊడింది. దాంతోపాటు మూరెడు కత్తి బయటికొచ్చింది, అక్కడక్కడా తుప్పు మరకలతో.

దీన్నే గుప్తి అంటారు. బయటికి ఊతకర్ర, లోపల కత్తి. యూరప్‌లో పెద్దమనుషులు నడుముకి కత్తి కట్టుకోవడం మానేశాక, 18, 19 శతాబ్దాల్లో ఇలాంటి కర్రలు పట్టుకు తిరిగేవారు. మన దేశంలోనూ ఇవి వాడుకలో ఉండేవి.

షువేఖ్‌లో చెక్కపని చేసే కోనసీమ పెద్దాయన ఒకరు మా బిల్డింగుకి వస్తుంటారు. కర్ర ఆయన చేతికిచ్చారు. పిల్లల్ని గదిలోకి పంపించి, మందపాటి గ్లవ్స్ వేసుకుని, మొన ఎవరివైపూ లేకుండా కత్తి తీశారాయన. ఒరని బోర్లించి తడితే ఇసుక, తుప్పు పొడి, గుడ్డ పీలికలు రాలాయి.

"కత్తి తప్పేం లేదమ్మా, దాని ఇల్లే వదులైపోయింది" అన్నారు. ఒర ఒకే కర్ర కాదు, రెండు బద్దలు తొలిచి అతికించినది. ఎండకి అతుకు విచ్చింది. మూతి దగ్గర కత్తిని పట్టి ఉంచే గుడ్డ ఎండి పొడైపోయింది. మరి ఈ దేశపు ఎండ తక్కువదా? 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి సముద్రపు ఉక్క. ఎండ చెక్కని విరగదీస్తే, ఉక్క ఇనుముని తింటుంది.

ఆయన చేసిన పని పెద్దదేం కాదు. అతుకులో చెక్క జిగురు పెట్టి, దారం బిగించి చుట్టి, ఒక రాత్రి వదిలేశారు. ఒర ఎక్కడ వదులో చూడ్డానికి కత్తికి దీపం మసి పట్టించి ఒకసారి దోపి తీశారు. మసి చెరిగిన చోట కత్తి చెక్కకి తగులుతున్నట్టు, చెరగని చోట ఖాళీ ఉన్నట్టు. మూతి లోపల ఖాళీ ఉన్న వైపు పల్చటి చెక్క పొర అతికించి, కత్తి బిగువుగా దిగేదాకా కొంచెం కొంచెంగా అరగదీశారు. తోలు ముక్క వెయ్యొచ్చు కదా అంటే వద్దన్నారు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుందట. తుప్పుని గరుకు కాగితంతో గీకకుండా నూనె గుడ్డతో నెమ్మదిగా తుడిచారు. అక్క కొబ్బరినూనె తేబోతే, అది కొన్నాళ్ళకి జిగటవుతుందని కుట్టు మిషను నూనె అడిగారు. అదీ పల్చగా పూసి తుడిచెయ్యాలి. ఎక్కువైతే చెక్క పీల్చుకుంటుంది, దుమ్ము పడుతుంది.

కటకట ఆగిపోయింది. అప్పుడడిగారాయన, "ఎవరికమ్మా ఇది?"

"మామయ్యగారికి. కార్గోలో పంపుదామని."

ఆయన కర్ర కింద పెట్టేశారు. "చప్పుడు ఆపాను గానీ, లోపలున్నది కత్తే కదమ్మా!"

ఆ మాట నిజం. మన దేశపు 1959 ఆయుధాల చట్టం నియమాల్లో గుప్తిని కత్తులు, బాకులతోపాటే ఆయుధంగా లెక్కగట్టారు. లైసెన్సు లేకుండా ఆయుధాన్ని బయటి నుంచి దేశంలోకి తేకూడదని ఆ చట్టం 10వ సెక్షన్ చెబుతుంది. కార్గో పెట్టె మీద పంపినవాళ్ళ పేరు, అందుకునేవాళ్ళ పేరు రెండూ ఉంటాయి. పెట్టె కస్టమ్స్‌లో ఆగితే జవాబు చెప్పాల్సింది ఇక్కడ అక్క, అక్కడ కర్ర లేకుండా లేవలేని పెద్దాయన. ఒక్క మన దేశమే కాదు, బ్రిటన్‌లో వందేళ్ళు దాటిన పాతవి తప్ప ఇలాంటి కర్రల అమ్మకాన్ని 1988లోనే నిషేధించారు.

ఆ తర్వాతి శుక్రవారం, లోపల ఏముందో చెప్పి మరీ, అక్క దాన్ని కొన్నచోటే తిరిగి ఇచ్చేసింది. సగం డబ్బులే వచ్చాయి. వాటికి ఇంకొన్ని కలిపి నాలుగు కాళ్ళ అల్యూమినియం కర్ర కొన్నది. మామగారు ఇప్పుడు దాంతోనే రోజూ వీధి చివరి టీ కొట్టుదాకా వెళ్ళొస్తున్నారు.

పాత వస్తువుల మీద మోజున్న మనందరికీ ఒక మాట. సంతలో కర్ర కొనేముందు చెవి దగ్గర పెట్టి ఊపండి, పిడి తిప్పి చూడండి. చప్పుడొస్తే బాగుచేయించుకోవడం తేలికే. అది ఎవరింటికి వెళ్తుందో మాత్రం ముందే ఆలోచించుకోవాలి.