దిగుడుబావియు వడకట్టుగుడ్డయు

మన నల్లగొండ, పాలమూరు సీమలు మెట్టనేలలు. ఇచ్చట కడవెడు నీటికై స్త్రీలు పడిన పాట్లు చెప్పనలవి కాదు. వెనుకటి దినములలో ఆ కడవతోడనే యొక పీడ యింటికి వచ్చుచుండెను. దానిని నారికురుపు అనిరి. నేటి పడుచులు దాని పేరైన నెఱుగరు. ఎఱుగకుండుట భాగ్యమే, కాని అది యెట్లు పోయెనో మఱచుట తగదని మేము తలంచుచున్నారము.

దిగుడుబావిలో మెట్లు దిగి, నీటిలో కాలుంచి కడవ ముంచుట వాడుక. రోగి కాలినుండి వెడలుచున్న పురుగు, నీరు తగిలినంతనే తన పిల్లలను విడుచును. వానిని కంటికి సరిగా నానని నీటిపురుగులు మ్రింగును. ఆ నీరు త్రాగినవారి దేహములో నది యించుమించు ఏడాది పెరిగి, రెండు మూడడుగుల తెల్లని దారమువలె చర్మమును చీల్చుకొని వచ్చును. దానిని పుల్లకు చుట్టుచు దినమునకు కొంచెముగా లాగవలెను. తెగినచో బాధ యినుమడించును. నాట్లవేళ ఇల్లాలు మంచము పట్టినచో ఆ యింటి గతి యేమి?

దీనికి టీకా లేదు, కుదుర్చు మందును లేదు. 1983-84లో మన ప్రభుత్వము దీని నిర్మూలనకు పూనుకొనెను. దిగుడుబావులను మార్చిరి, బోరింగులు వేసిరి, బావులలో పురుగుమందు కలిపిరి. వీనితోపాటు నీటిని దట్టమైన గుడ్డతో వడకట్టుమనిరి. ఆ పని ఇల్లాలి చేతిది. 1996 జూలైలో రాజస్థానమున కడపటి రోగి కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశము విముక్తమైనదని ప్రకటించెను.

అయితే ఆఫ్రికాలోని చాద్ దేశమున 2012 నుండి ఈ పురుగు కుక్కలలో విరివిగా బయటపడెను. పచ్చి చేపల ప్రేగులు తినుటవలన వానికి సోకుచుండవచ్చునని శాస్త్రజ్ఞులు తలంచిరి. ప్రేగులను పాతిపెట్టుమనియు, పురుగు వెడలుచున్న కుక్కను చెఱువుకు పోనీయక కట్టివేయుమనియు అచ్చటివారికి బోధించిరి. మనుష్యుని కాపాడి కుక్కను మఱచినచో రోగము దానియందు తలదాచుకొనును గదా!

సోదరీమణులారా! మన యిండ్లలో బిడ్డకు కాచిన నీరును, కుక్కకు కుంటనీరును పెట్టుట మేము చూచుచున్నారము. ఎలుకజ్వరము మనకును కుక్కకును గూడ వచ్చును. ఎలుకల మూత్రము కలిసిన నీటినుండి, బురదనుండి, అది పుండ్లగుండ దేహమున జొచ్చును. దీనిని గుడ్డ ఆపజాలదు. సాగరు ఎడమకాలువ క్రింద మళ్లలో నాట్లువేయు స్త్రీలు కాలి పగుళ్లను కప్పుకొనవలెను. జ్వరము వచ్చినచో బురదలో పనిచేసిన సంగతి వైద్యునికి చెప్పవలెను. ధాన్యమును ఎలుకలకు అందనీయరాదు. కుక్కకు దీని టీకాను గూర్చి పశువైద్యుని అడుగవలెను; దానికిని శుభ్రమైన గిన్నెలో మంచినీరే పోయవలెను.